టీచరమ్మ గుడ్డు పూయలేదు

నలభై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో వెలక్కాయలా ఇరుక్కుని ఉంది. మా ఆయనకు చెప్పలేదు. తిరుచానూరు అమ్మవారి ముందు నిలబడినప్పుడూ చెప్పలేదు. ఆవిడకు తెలుసు కదా అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల చివర్లో, తిరుపతిలో, నాకు పెళ్లయి ఏడాది. ఆయనకు కొండమీద ఉద్యోగం. తెల్లవారకముందే వెళితే చీకటి పడ్డాకే రాక. ఇంట్లో అత్తా నేనూ. ఆవిడ మడి మహా గట్టిది. నేను స్నానం చేసి వంటింట్లోకి వెళితే నైవేద్యం అయ్యేదాకా బయటి మనిషినీ, బయటి వస్తువునీ తాకకూడదు. మాట్లాడే మనిషి లేదు. కొన్నాళ్లు తిరగలితో మాట్లాడాను, నవ్వకండి.

వెనక వాటాలో ఒక టీచరమ్మ అద్దెకుండేది. పుత్తూరు దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు, ఒంటరి మనిషి, ఆడపిల్లల బడిలో హోమ్ సైన్సు చెప్పేది. నీచు వండకూడదు, గుడ్డు కూడా ముట్టకూడదు అన్న షరతు మీదే అత్త ఇల్లిచ్చింది. శుక్రవారాలు పొద్దున్నే అత్త తిరుచానూరు బస్సెక్కగానే, టీచరమ్మ బడికి వెళ్లేలోపు, నేను ఆవిడ వంటింట్లో దూరేదాన్ని.

మైదాలో వెన్న పెట్టి మడిచి, ఒత్తి, మళ్లీ మడిచి, నలుచదరంగా కోసి, నడుమ మామిడి జామ్ పెట్టి అంచులు ముల్లుచెంచాతో నొక్కేవాళ్లం. కుంపటి మీద ఇసుక పోసిన గిన్నె, మూతమీద నిప్పులు. ఆ వాసనకు నాకు సంతోషంతో ఏడుపొచ్చేది. మెరుపు కోసం బేకరీల్లో పైన గుడ్డు పూస్తారట. ఆవిడ మా షరతు తప్పకుండా పాలల్లో చక్కెర కలిపి ఇచ్చేది. పూసేది నేనే. వేడివేడిగా తిని, ఇంటికొచ్చి, మళ్లీ స్నానం చేయకుండానే నైవేద్యం వండేదాన్ని. టైము లేకా? బద్ధకమా? ఆ వంటింటి వాసన ఒంటిమీద ఇంకాసేపు ఉండాలనా? ఇప్పటికీ తెలియదు.

ఒక శుక్రవారం ఆయన కోసమని ఒక పఫ్ తెచ్చి గూట్లో దాచాను. అత్త అనుకున్నదానికంటే ముందే వచ్చింది. చూసింది. టీచరమ్మ ఇచ్చిందన్నాను. బేకరీల్లో గుడ్డు పూస్తారని ఆవిడా ఎక్కడో విని ఉంది.

"పైన ఇంత మెరుగెట్లొచ్చినాదే? గుడ్డు పూసిందా? నువ్వు చూసినావా?"

పాలని చెప్పాలంటే చూశానని చెప్పాలి. చూశానంటే ఆ వంటింట్లో ఉన్నానని తెలుస్తుంది. నెలల తరబడి మడి మంటగలిపి దేవుడికి వండానని తెలుస్తుంది. పుట్టింటికి పంపేస్తుంది.

"నేను చూడలా అత్తా. గుడ్డే అయ్యుంటాది."

అత్త టీచరమ్మను పిలిచి మొహం మీదే అడిగింది. ఆవిడ నావైపు చూసింది. నా గాజుల మధ్య మైదా ఎండి ఉంది. అదీ చూసింది. నేను తల వంచుకున్నాను.

"గుడ్డేనమ్మా. నాదే తప్పు. ఆ పిల్లకేమీ తెల్దు," అంది.

ఆదివారం ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని పుత్తూరు బస్సుకు వెళ్లిపోయింది. అత్త వీధంతా చెప్పి ఉండటంతో అక్కడ ఆవిడకు ఇంకో గది ఎవరూ ఇవ్వలేదు. నేను తేలు కుట్టిన దొంగలా లోపలే ఉండిపోయాను. ఆ వాటాను పసుపు నీళ్లతో కడిగింది కూడా నేనే. పుత్తూరుకు బస్సులో గంట ప్రయాణం. ఒక్కసారైనా వెళ్లానా? లేదు.

ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచింది ఆవిడ ఒక్కతే. తర్వాత నేను కోడలిని, అమ్మని, అవ్వని. అత్త తన ఇంట్లోకి గుడ్డు వచ్చిందన్న బాధతోనే పోయింది. టీచరమ్మ ఉందో లేదో తెలియదు. క్షమించమనడానికి నాకు మొహం లేదు, మిమ్మల్నీ అడగను.

టీచరమ్మ ఏ తప్పూ చేయలేదు. అబద్ధం చెప్పింది నేను. ఇంతే మాట. రాసేసి, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, గట్టిగా ఏడ్చాను.