బీరువాలోకి ఊదిన పాట

నా చిన్నప్పుడు జెద్దాలో, షరఫియా సందుల్లోని ఒక నాలుగంతస్తుల మేడలో, మా పక్క ఫ్లాట్‌లో తిమింగలం ఉండేదని చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. నిజానికి అక్కడ ఉన్నది పక్కింటి మావయ్య, ఆయన సాక్సఫోన్. మా అమ్మ నర్సుగా చేసే ఆసుపత్రిలోనే ఆయన ఎక్స్‌రే మిషన్లు బాగుచేసేవారు. మాది కాకినాడ వైపు, ఆయనది భీమవరం వైపు. అంత దూరం వచ్చాక అంతకంటే దగ్గరి చుట్టరికం ఎవరికి కావాలి?

ఆ రోజుల్లో ఇంట్లో వాయిద్యం మోగిస్తున్నట్టు తెలిస్తే ఇల్లుగలాయన ఖాళీ చేయమనేవాడు. అందుకని మావయ్య బట్టల బీరువా తెరిచి, తాయిఫ్ కొండలకి వెళ్ళినప్పుడు తప్ప వాడని చలికోట్ల మధ్యకి సాక్సఫోన్ మూతి పెట్టి ఊదేవారు. కిటికీ ఏసీ హోరే ఆయనకి శ్రుతిపెట్టె. చర్చి కీర్తన ఒకటి ఎత్తుకుని, దాన్ని ఆనందభైరవిలోకి తిప్పి, అక్కణ్ణుంచి జాజ్‌లోకి దూకి, ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ కీర్తనకే వచ్చేవారు. ఫ్యూజన్ అనే మాట ఆయన నోటే విన్నాను. అత్తయ్య మాత్రం దాన్ని కిచిడీ అనేది.

ఒక శుక్రవారం, మేడకి కాపలా ఉండే ముసలాయన నన్ను మెట్ల మీద ఆపాడు. కాపలాదారుని అరబ్బీలో పిలిచినట్టే అందరం ఆయన్ని హారిస్ అనేవాళ్ళం. ఆ మూలుగేమిటని అడిగాడు. మావయ్య వాళ్ళ నీళ్ళ మోటారు పాడైందని తడుముకోకుండా చెప్పేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. అది మనిషిలా ఏడుస్తోందని, వింటుంటే గుండె తరుక్కుపోతోందని కూడా అన్నాను. పాపం, ఆయన మనసు కరిగింది. గంటలో రెంచీ పట్టుకుని వచ్చి మావయ్య వాళ్ళ తలుపు కొట్టాడు.

అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. మా అమ్మే అనుకుని అత్తయ్య తలుపు తీసేసింది. ఏడుస్తోందని ఈ పిల్ల చెప్పిన మోటారు ఏదని ముసలాయన అడిగాడు. మావయ్య మెడలో సాక్సఫోన్ అలాగే వేలాడుతోంది. నా మూలంగా వీళ్ళ ఇల్లు పోయిందనుకున్నాను. మావయ్య ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మోటారు ఇదేనని వచ్చీరాని అరబ్బీలో చెప్పి, మెల్లగా ఊదారు. ముసలాయన చాలాసేపు కదల్లేదు. తర్వాత ఆయన పాదం నేల మీద తాళం వేయడం మొదలెట్టింది. మావయ్య ఆ పాదాన్నే చూస్తూ వాయించారు.

హారిస్ లేచి రెంచీ తీసుకున్నాడు. మావయ్యని అరబ్బీలో స్నేహితుడా అని పిలిచాడు.

"మోటారు బాగానే ఉంది, సదీక్. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తిప్పుకో. పొద్దుగూకాక వచ్చే మగ్రిబ్ బాంగుకి ముందే ఆపెయ్."

ఆయన వెళ్ళాక తిట్లు తినడానికి తల వంచుకు నిలబడ్డాను. మావయ్య పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బాగానే అల్లావే అమ్మడూ. కానీ ఏడుస్తోందన్నావు చూడు, అదొక్కటే నిజం. ఆయన వచ్చింది దానికోసమే. ఎంత దూరమైనా పో, కాలి కింద ఒక్క నిజం ఉంచుకో. అది వదిలేస్తే తిరిగి ఇంటికి రాలేం."

మావయ్య పోయిన నెల భీమవరంలో పోయారు. నేనింకా జెద్దాలోనే ఉన్నాను. ఇప్పుడు సముద్రం ఒడ్డున కుర్రాళ్ళు బాహాటంగా గిటార్లు వాయిస్తుంటే ఆగి వింటాను. ఆయన ఇక్కడ ఒక్క సాయంత్రం, ఒక్కటంటే ఒక్కటి, కిటికీలన్నీ తెరిచి ఊది ఉంటే ఎలా ఉండేదో అనుకుంటాను.

జ్ఞాపకార్థ కూడికలో, వీడియో కాల్‌లోంచి నన్నూ రెండు మాటలు చెప్పమంది అత్తయ్య. ఆయన ఊదితే ఎర్రసముద్రం చేపలు మా మూడో అంతస్తు దాకా ఎక్కొచ్చేవని మొదలుపెట్టాను. అందరూ నవ్వారు, అత్తయ్య కూడా. ఇంకా పెంచుదామనుకున్నాను. నోట్లోంచి మాత్రం "మావయ్య లేరు" అన్న రెండు మాటలే వచ్చాయి.

ఇప్పటికీ కోతలు మానలేదు. కాకపోతే ఏ కథ ఎత్తుకుని ఎంత దూరం పోయినా, చివరికి నా కాలు ఆనేది ఆ రెండు మాటల మీదే.