బస్తా వైపు చూసిన మనిషి

రెండు వారాల కిందట, గురువారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో మా బావ పోయాడు. వయసు అరవై ఒకటి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. పదకొండు రోజులు మంచం మీద ఉన్నాడు. ముందు రోజు సాయంత్రం నేను వెళ్ళినప్పుడు కళ్ళు తెరిచి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఎన్ని జీపుల్లో ఉన్నాయిరా బెల్టులు?"

"రెండింటిలో" అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతను నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

మా బావ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు గొలుసులు పరీక్షించాడు. ఇంజన్లను, చక్రాలను, బాయిలర్లను పైకెత్తే క్రేన్లకు గొలుసులు, కొక్కేలు ఉంటాయి. ప్రతి గొలుసునూ కొన్నాళ్ళకొకసారి విప్పి తెచ్చి, దాని మీద రాసిన బరువుకు రెట్టింపు బరువు వేలాడదీసి చూడాలి. నిలబడితే తారీఖు కొట్టిన రేకు బిళ్ల కట్టి పంపాలి. నిలబడకపోతే కోసి పారేయాలి. "బిళ్ల లేని గొలుసు కింద నిలబడకు" అనేవాడు. ఆ మాట నాకూ చెప్పాడు, వాళ్ళ పిల్లలకూ చెప్పాడు, గోల్‌బజారులో చేపల దుకాణం వాడికి కూడా తూకం గొలుసు గుంజి చూసి చెప్పాడు.

మా అప్ప, అదే మా అక్క, పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చిన రెండేళ్ళకు నేనూ శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఝపటాపూర్ పేటలో వాళ్ళింట్లోనే ఉన్నాను. మా మేనకోడలి బారసాల నాకు బాగా గుర్తు. ఊయల కట్టడానికి దూలానికి కొత్త కొక్కెం వేయించారు. బావ ముందు రోజు ఆ కొక్కేనికి రెండు బియ్యం బస్తాలు వేలాడదీసి తెల్లవార్లూ ఉంచాడు. మా అప్పకు ఒళ్ళు మండిపోయింది.

"పిల్ల బెత్తెడు లేదు. ఏటి, ఊయల్లో ఏనుగుని పడుకోబెడతారేటి?"

"ఏనుగైతే నాలుగు బస్తాలు ఏసీవోడిని" అన్నాడు బావ.

ఆ ఇంట్లో కోపాలు అలాగే ముగిసేవి.

ఇక జీపుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వేలంలో అమ్మేసిన జీపులు ఈ చుట్టుపక్కల చాలామంది కొన్నారు. పదేళ్ళ కిందట అలా జీపులున్నవాళ్ళు ఏడుగురు జట్టు కట్టారు. ప్రతి ఆదివారం ఉదయం కాసాయి నది ఒడ్డుకు వెళ్తారు. అక్కడ ఎర్ర మోరం నేల వానలకు కోసుకుపోయి లోతైన గండ్లు పడి ఉంటుంది. ఆ గండ్లలోకి జీపు దింపి ఎక్కించడం, ఇసకలో కూరుకుపోయిన బండిని లాక్కోవడం, ఎవరు ఎంత నిటారు గట్టు ఎక్కారో చెప్పుకోవడం. పని మీద వెళ్ళేది కాదు, సరదా. జట్టుకు పెద్ద ఒక తెలుగు కంట్రాక్టరు. అతను ఒక సాయంత్రం ఝపటాపూర్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ, జీపు మీద గొట్టంతో ఒక కమాను ఏసీయాల. బోల్తా పడితే తలకాయలు మిగలాల."

"బోల్తా పడకుండా తోలొచ్చు కదా?"

"అలగైతే మరి ఆదివారం ఏటి సేస్తాం?"

బావ నవ్వేశాడు. ఒప్పుకున్నాడు. వేలంలో కొన్న పాత బాయిలర్ గొట్టాల్లో పొడి ఇసక దట్టించి, రెండు వైపులా బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచాడు. ఇసక లేకుండా వంచితే గొట్టం నొక్కుకుపోతుందట. కమాను కాళ్ళను జీపు చట్రానికి బోల్టులతో బిగించాడు. బిగించాక బండి ఇవ్వలేదు. పరీక్ష కాకుండా ఏదీ చేతి నుంచి వదలడు.

పరీక్ష నది ఒడ్డున జరిగింది. నేనూ వెళ్ళాను. డ్రైవరు సీటులో ఒకటి, పక్క సీటులో ఒకటి, మనిషంత బరువున్న ఇసక బస్తాలు పెట్టాడు. పదిమంది తాళ్ళు పట్టి గట్టు మీంచి జీపును పక్కకు దొర్లించారు. అది ఒక పూర్తి పల్టీ కొట్టి మళ్ళీ చక్రాల మీద నిలబడింది. కమాను వంగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కంట్రాక్టరు గొట్టాన్ని ముద్దు పెట్టుకున్నాడు. బావ ఒక్కడే గట్టు దిగువకు నడిచాడు. డ్రైవరు బస్తా స్టీరింగు కింద ఇరుక్కుని ఉండిపోయింది. పక్క సీటు బస్తా బండి దొర్లేటప్పుడు సగం బయటికి జారింది. కమాను దాని మీదుగా వెళ్ళింది. గోనె పిగిలి ఇసక నేల మీద పోసి ఉంది.

"ఇటు సూడండి" అన్నాడు బావ. ఒక్కరూ చూడలేదు. నేను చూశాను గాని, పిగిలిన బస్తా అనుకున్నానే తప్ప మనిషి అనుకోలేదు.

వారం తిరక్కుండా గోల్‌బజారులో సైన్యం సామాన్లు అమ్మే దుకాణం నుంచి విమానాల్లో వాడే దట్టమైన పట్టీలు, బకిల్సూ తెచ్చాడు. మా అప్ప మైనం రాసిన దారంతో మూడు వరసల కుట్టు వేసింది. ఒక్కో బెల్టునూ బావ వేలాడదీసి, బరువు కట్టి, బిళ్ల తగిలించాడు. కమానుతో పాటు బెల్టు కూడా ఉండాలన్నాడు. లేకపోతే మనిషిని కాయాల్సిన గొట్టమే వాడి మీద పడుతుందన్నాడు.

"ఈ వయసులో మొలతాడేటి మేస్త్రీ?" అన్నాడు కంట్రాక్టరు. జట్టంతా పగలబడి నవ్వింది.

"మొలతాడైతే తెగిపోద్ది. ఇది తెగదు."

"నిప్పంటుకుంటే ఎలగ దిగాల?"

"సేత్తో ఒక్క గుంజు గుంజితే బకిలు ఊడొస్తాది. ఇదిగో, సూడు."

చూశారు. సరేనన్నారు. బెల్టులు బిగించుకోవడానికి ఒప్పుకున్నారు. బావ సంతోషించాడు.

ఎనిమిదేళ్ళ కిందట, చలికాలంలో ఒక ఆదివారం తొమ్మిదిన్నర ప్రాంతంలో కంట్రాక్టరు జీపు ఆ గండ్లలోనే పక్కకు దొర్లింది. వేగం లేదు. మనిషి పరుగెత్తి అందుకోగలిగినంత నెమ్మదిగా ఎక్కుతోందని చూసినవాళ్ళు చెప్పారు. పైచక్రం రాయి ఎక్కింది, కింది చక్రం కింద మోరం జారింది, అంతే. కంట్రాక్టరు స్టీరింగు పట్టుకుని ఉండిపోయాడు. మోచేయి గీరుకుపోయింది. పక్క సీటులో మా వీధిలో ఉండే డ్రిల్లు మాస్టారు ఉన్నారు. అందరూ ఇష్టపడే మనిషి. ఆయన సగం బయటికి పడ్డారు. కమాను ఆయన ఛాతీ మీదుగా వెళ్ళింది.

కబురు తెలిసి బావా నేనూ సైకిళ్ళ మీద వెళ్ళాం. మేం వెళ్ళేసరికి మాస్టారి మీద దుప్పటి కప్పారు. బావ ముందు ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తర్వాత లేచి జీపు దగ్గరికి వెళ్ళి సీటు దిండు ఎత్తాడు. బెల్టు దాని కింద మడతపెట్టి ఉంది, బిళ్లతో సహా. మాస్టారు దాని మీద కూర్చున్నారు.

పోలీసు దారోగా వచ్చాడు. బావ అతని దగ్గరికి వెళ్ళి, తను చేసిన కమాను వల్లే మనిషి పోయాడని, అలాగే రాసుకోమని బెంగాలీలో చెప్పాడు.

"గాడి ఉల్టే గేఛే దాదా, ఆర్ కీ లిఖ్‌బో?" అన్నాడు దారోగా. బండి తిరగబడింది, ఇంకేం రాయను అని. పుస్తకం మూసేశాడు.

ఈ పత్రికకు ఇక్కడి విలేకరిగా ఆ సాయంత్రం నేనే వార్త పంపాను. నాలుగు వాక్యాలు. జీపు బోల్తా పడి పాఠశాల ఉద్యోగి ఒకరు మరణించారు. బండి నడుపుతున్న కంట్రాక్టరు స్వల్ప గాయాలతో బయటపడ్డారు. జీపుకు అమర్చిన ఇనుప కమాను ఆయనను కాపాడింది. పోలీసులు దర్యాప్తు చేస్తున్నారు.

పత్రిక వచ్చాక బావ ఆ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివాడు.

"ఇందులో అబద్ధం లేదురా. సగం లేదు."

"ఏ సగం బావా?"

"నీకు తెలీదేటి? నాను సేసిన గొట్టం ఒకడిని కాసింది, ఒకడిని సంపింది. రెండో ముక్క రాసీ."

అలా రాస్తే కేసు అతని మీదికి వస్తుందని, ఉద్యోగం పోతుందని, ఇద్దరు పిల్లలున్నారని చెప్పాను. అవన్నీ నిజమే. నేను రాయకపోవడానికి కారణాలు కూడా అవే. అతను పత్రిక మడిచి అల్మారాలో పెట్టాడు.

తర్వాత నెలలో ఐదుగురు జీపులవాళ్ళు ఝపటాపూర్ వచ్చారు. కమాను కావాలన్నారు. ఒకతను నా వార్త కత్తిరించి జేబులో పెట్టుకొచ్చాడు. "పేపర్లో పడింది మేస్త్రీ, కమాను ఉంటే సావు లేదంట" అన్నాడు. బావ నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

చేయనని చెప్పెయ్యమంది మా అప్ప.

"నాను సెయ్యకపోతే ఇంకొకడు నీళ్ళ గొట్టంతో సేస్తాడు. అది మొదటి దెబ్బకే ముడుసుకుపోద్ది. అప్పుడు ఇద్దరూ పోతారు."

"సేస్తే?"

"సేస్తే ఒకడు."

అతను చేశాడు. ఐదు కమానులు, పది బెల్టులు. మా అప్ప మళ్ళీ కుట్టింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు గోల్‌బజారులో జీపులు బయలుదేరే చోటికి సైకిలు మీద వెళ్ళేవాడు. ఒక్కొక్క బెల్టు పట్టి గుంజి చూసేవాడు. అందరూ బుద్ధిగా కట్టుకునేవారు. "ఠీక్ హై మేస్త్రీ?" అని అడిగి మరీ బయలుదేరేవారు. లెవెల్ క్రాసింగు దాటగానే విప్పేసేవారు. ఆ సంగతి తెలిసి ఒక వారం క్రాసింగు అవతల వెళ్ళి నిలబడ్డాడు. అతన్ని దూరం నుంచి చూసి మళ్ళీ కట్టుకున్నారు. ఆ మర్నాడు టీ దుకాణంలో అదే పెద్ద హాస్యం. అతను కూడా నవ్వాడు. "నది దాకా ప్రతి మలుపులోనూ నిలబడాలంటే నాలాటోళ్ళు పదిమంది కావాల" అన్నాడు.

రిటైరయ్యాక కూడా బావ వెళ్ళాడు. కంట్రాక్టరు మాస్టారి కుటుంబానికి చేయగలిగింది చేశాడు. అది నేను దాచకూడదు. చెడ్డ మనిషి కాదు. కానీ అతను ఆ కమాను పట్టుకుని "ఇది నాకు పునర్జన్మ" అనేవాడు. అతని పక్క సీటులో ఏం జరిగిందో అతనికి గుర్తు రాదని కాదు. మాస్టారు పోవడం విధి అని, తను బతకడం కమాను అని వేరువేరుగా పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళలో ఆరు కమానుల్లో నాలుగింటి బెల్టులు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఒకతను బెల్టుతో పెట్టె కట్టుకున్నాడు. ఒకతను గేదెకు కట్టాడు. మిగిలిన రెండు జీపుల్లో ఒకటి ఒక డాక్టరుది. రెండోదాని యజమానిని, బెల్టు కట్టుకోకపోతే భార్య బండి ఎక్కనివ్వదు.

ఇన్నేళ్ళ తర్వాత బావ రాయమన్న ఆ రెండో ముక్క ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు డ్రిల్లు మాస్టారి ప్రాణం తీసింది, కంట్రాక్టరును కాపాడిన కమానే. బెల్టు లేకపోతే కమాను పక్కవాడి మీద పడుతుంది. ఈ సంగతి మా బావకు పరీక్ష రోజునే తెలుసు. ప్రమాదం రోజున నాకు తెలుసు. అతను దారోగాకు చెప్పాడు, నాకు చెప్పాడు. ఇద్దరం రాయలేదు.

బావ కర్మల్లో పెద్దదినం భోజనాలు అయ్యాక కంట్రాక్టరు లేచి నిలబడి, మేస్త్రీ జ్ఞాపకంగా వచ్చే ఆదివారం కమానులున్న ఆరు జీపులూ ఆ గండ్లకే వెళ్తాయని చెప్పాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ముందు జీపులో, తన పక్క సీటులో, మా మేనల్లుడిని కూర్చోబెట్టుకుంటానన్నాడు. మా మేనల్లుడికి ఇరవై నాలుగేళ్ళు. లోకో షెడ్డులో ఫిట్టరు.

నేను కంట్రాక్టరును పక్కకు పిలిచి బెల్టుల మాట ఎత్తాను. పైన రాసిందంతా చెప్పాను.

"తమ్ముడూ, మేస్త్రీ పేరు మీద ఎల్తున్నాం. నెమ్మదిగానే తోలుతాం" అన్నాడు.

ఆ రోజూ నెమ్మదిగానే వెళ్ళారని అన్నాను. అతను నా భుజం తట్టి చేయి కడుక్కోవడానికి వెళ్ళాడు.

మా అప్ప కొడుకుతో మాట్లాడింది. ఆ జీపులో ఇప్పుడు బెల్టు లేదు. ట్రంకు పెట్టెలో మిగిలిన ఒక బెల్టు తీసి ముందు పెట్టింది. వాడు ముట్టుకోలేదు.

"అందరి ముందూ నానొక్కడినే కట్టుకుంటే ఏటనుకుంటారమ్మా? నాన్న సేసిన కమాను మీద సొంత కొడుక్కే నమ్మకం లేదనుకోరా?"

"మీ నాన్నకే లేదురా దాని మీద నమ్మకం" అంది అప్ప.

వాడికి అర్థం కాలేదు. లేదా అర్థమై కూడా ఏం చేయాలో తోచలేదు. నేను మర్నాడు లోకో షెడ్డుకు వెళ్ళి మళ్ళీ చెప్పాను. "సూద్దాం మావా" అన్నాడు.

ఇలాంటి రచనలు పత్రికవాళ్ళు ఆదివారం సంచికలోనే వేస్తారు. ఆ కట్టలు విజయవాడ నుంచి రైల్లో వచ్చి ఖరగ్‌పూర్ స్టేషనులో దిగేసరికి పదకొండు గంటలవుతుంది. అదే ఆదివారం జీపులు గోల్‌బజారు నుంచి ఉదయం ఏడింటికి బయలుదేరతాయి. ఎనిమిదిన్నరకు నది ఒడ్డుకు చేరతాయి. మొదట ఎక్కేది కంట్రాక్టరు బండి.