అత్తగారి మడి దుప్పటి

కాపురానికి వచ్చిన ఏడాది, అత్తగారికి బహుమానంగా ఇద్దామని దుప్పటి అల్లాను. లేసు పని నాకు నరసాపురంలో, పుట్టింట్లో ఉండగానే పట్టుబడింది. దొరసాని దగ్గర నేర్చుకున్న పక్కింటావిడ పెరట్లో కూర్చుని అల్లుతుంటే, గోడకి ఇవతల నుంచి చూసి నేర్చేసుకున్నాను. ఆ గొప్ప ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటాను. కొక్కెం సూదితో, లావుపాటి నూలుతో నాలుగు నెలలు అల్లి, అంచుకి మామిడి పిందెలు కూడా వేశాను.

అత్తగారు దాన్ని నా చేతిలోంచి అందుకోలేదు. "అక్కడ పెట్టమ్మాయ్" అన్నారు. మడిలో ఉన్నారు కాబోలని సర్దుకున్నాను. మర్నాడు చూద్దును కదా, నా దుప్పటి కాలవలో జాడించి దండెం మీద ఆరేసి ఉంది. ధనుర్మాసం చలి. అప్పట్నించి రోజూ అదే వరస. ఎవరం తాకకుండా ఎత్తుగా ఆరేసుకుని, తెల్లవారుజామున కర్రతో తీసి, ఆరీ ఆరని దాన్నే కప్పుకుని పూజకి కూర్చునేవారు. వంట కూడా అయ్యాక మళ్లీ కాలవకే.

నూలు అల్లిక అన్నిసార్లు తడిస్తే ఊరుకుంటుందా? నీటి బరువుకి సాగింది. పది రోజుల్లో మూరెడు పొడుగు పెరిగి, వెడల్పు తగ్గింది. పిందెలు కాస్తా తోటకూర కాడల్లా వాలిపోయాయి. మామగారు చూసి, "ఇది దుప్పటా, ఆనపపాదా? పందిరి వేయించమంటావా అమ్మాయ్?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా చెయ్యి తగిలిందనే కదా ఈ కడుగుళ్లన్నీ!

నోరు ఆపుకోవడం నాకు చేతకాదు. ఒకనాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "నచ్చకపోతే నచ్చలేదని చెప్పచ్చు కదండీ అత్తయ్యగారూ! దాన్నిలా రోజూ హింసపెట్టడం దేనికండీ?" అని ఏడ్చేశాను.

పొయ్యి మీద ఎసరు పెడుతున్న అత్తగారు తెల్లబోయి చూశారు. దుప్పటి ఆవిడ భుజాల మీదే ఉంది.

"పిచ్చిదానా! పెట్టెలో ఉన్ని ధావళి ఉందే. దాన్ని తడపక్కర్లేదు, ఎప్పుడూ మడే. నూలుదైతే రోజూ తడిపి ఆరేస్తేనే గానీ పనికిరాదు. అయినా నాకు నీదే కప్పుకోవాలనుంది. అందుకే పిండుకుని చస్తున్నాను."

దాంతో నా ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆవిడ గబగబా వచ్చి, సాగిన దుప్పటి సగం నా చుట్టూ తిప్పి దగ్గరికి లాక్కున్నారు. పొద్దుటిపూట ఆవిడ నన్ను ముట్టుకోవడం అంతకుముందు ఎరగను. దుప్పటి ఇద్దరికీ సరిపోయింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

మడి పోయింది కదా, ఎసరు దింపేసి, ఆ చలిలో మళ్లీ వెళ్లి కాలవలో మునిగి వచ్చారు. ధావళి కట్టుకుని వంట మొదటినుంచీ మొదలుపెట్టారు. కచేరీకి వెళ్లాల్సిన మామగారు విస్తరి ముందు కూర్చుని, "ఇవాళ ఇంత ఆలస్యమేంటి?" అని విసుక్కున్నారు.

"కట్టెలు తడిసిపోయాయండి" అన్నారు అత్తగారు, నావైపు చూడకుండా. మడికట్టుకుని ఆవిడ అబద్ధమాడగా నేను వినడం అదే మొదటిసారి.