బీఏ గ్రూపు కోసం వాగు దాటిన సార్

"మేడం, సార్ లేస్తలేరు."

ఫోన్లో మా ఫైనలియర్ అమ్మాయి అన్న మాట ఇదే. ఆ రోజు సార్ క్లాసు నేను తీసుకోవాలి. స్టాఫ్‌రూంలో చాక్‌పీసులు ఏరుకుంటున్నాను. ఎండన పడి వెళ్ళారు కదా, కునుకు తీసి ఉంటారులే అనుకుని, "లేపవే, మంచినీళ్ళియ్యి" అని కసిరాను. "లేపినం మేడం. అందరం లేపినం. మొఖాన నీళ్ళు గూడ చల్లినం. చెయ్యి సల్లగైంది" అని పిల్ల బావురుమంది. అప్పటికీ నాకు బుర్రకెక్కలేదు. బీపీ డౌనయి ఉంటుంది, ఉప్పేసి మజ్జిగ పట్టించమన్నాను. చనిపోయిన మనిషికి మజ్జిగ పట్టించమన్నానండీ నేను!

ఎట్లా నమ్మను? ముందు రోజు మధ్యాహ్నం నా బాక్సులో సగం చింతచిగురు పప్పు ఖాళీ చేసిన మనిషి. ఆ పొద్దున ఏడింటికే ఫోన్ చేసి, "అమ్మాయ్, నా ఫస్ట్ పీరియడ్ నువ్ తీస్కో. నేను గూడెం పోతున్న. పిల్లల్ని ఊకె కూసోబెట్టకు, ఏదన్న చెప్పు" అని ఎప్పట్లాగే దబాయించిన మనిషి. గొంతులో ఏదో ఆయాసం వినిపించి "ఏంది సార్, బాగలేదా" అంటే, "గ్యాస్ అమ్మాయ్, గ్యాస్" అన్నారు. గుండెల్లో మంట లేస్తే గ్యాసని సోడా తాగే జాతి మనది. చదువుకున్నవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం, మనమే ఇట్లా ఏడిస్తే ఇంకెవరికి చెప్పాలి?

ఆయన గూడెం ఎందుకు వెళ్ళారో చెప్పాలి. భద్రాచలం దాటాక చర్ల దారిలో ఉంటుంది మా డిగ్రీ కాలేజీ. అందులో బీఏ గ్రూపులో ప్రాచీన సాహిత్యం, రాజనీతి, అర్థశాస్త్రం కలిపి చెబుతాం. ఈ ఏడు సరిపడా పిల్లలు చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారని పైనుంచి మాట వచ్చింది. ఎత్తేస్తే ఇదే గ్రూపు చదవాలన్నవాళ్ళు కొత్తగూడెమో ఖమ్మమో పోవాలి. మగపిల్లలు ఎట్లాగో పోతారు. అడవి ఊళ్ళ ఆడపిల్లల్ని అంత దూరం ఎవరు పంపుతారు? వాళ్ళ చదువు ఇంటర్‌తో సరి. అందుకని సార్ సెలవులన్నీ గూడేలు పట్టుకుని తిరిగారు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషి, ఆయన జీతానికొచ్చిన లోటేం లేదు. "మీకెందుకు సార్ ఈ తిప్పలు, ఎండలు చూస్తున్నారా" అంటే, "అవ్, ఎండనే. పరదేశం నుంచి వచ్చిందా ఏంది, మన ఎండనే గదా" అనేవారు.

నేను ఆయనకు తోటి లెక్చరర్‌నే కాదు, ముందు శిష్యురాల్ని. మా నాన్న సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్. నాకు ఇంటర్‌లో మార్కులు అంతంతమాత్రం, ఖమ్మంలో సీటు దొరక్క ఇక్కడి హాస్టల్‌కు వచ్చి పడ్డాను. పడ్డాను అనే అంటున్నా, ఎందుకంటే మొదటి నెలంతా ఏడుస్తూనే ఉన్నాను. గని క్వార్టర్ల పక్కన పెరిగినదాన్ని, ఈ అడవిలో ఏముందని మూతి ముడుచుకుని తిరిగేదాన్ని. కావ్యాలు గడగడా చదువుతానని మాత్రం కొంచెం పొగరు.

ఆ పొగరు దిగిన రోజు చెబుతాను. సార్‌కు ఒక పద్ధతి ఉండేది. ఏ కావ్యం చెప్పినా, ఆఖర్న అందులోని రాజును గ్రామసభకు పిలిపించేవారు. ఒకరు రాజు, మిగతా క్లాసంతా జనం. జనం అడగాలి, రాజు జవాబు చెప్పాలి. పన్నెందుకు పెంచావు, యుద్ధానికి మా పిల్లల్నే ఎందుకు పట్టుకుపోయావు, అడవిలోకి వేటకొచ్చి మా చేను ఎందుకు తొక్కించావు? ఒక్క పీరియడ్‌లో సాహిత్యం, రాజనీతి, అర్థశాస్త్రం మూడూ అయిపోయేవి. ఆ రోజు నేనే రాజునవుతానని ఎగేసుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. వెనక బెంచీలో గూడేల నుంచి వచ్చిన అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కోయభాషలో అడగడం మొదలుపెట్టారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! క్లాసంతా పగలబడి నవ్వుతోంది. "సార్, తెలుగులో అడగమనండి" అన్నాను ఉడుక్కుంటూ.

సార్ నవ్వలేదు. "వాళ్ళెందుకు మార్చుకోవాలె? నీ జనం మాట నీకు రాకపాయె. మరి ఏ మొఖం పెట్టుకుని రాజువైనవ్ అమ్మాయ్?" అన్నారు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం హాస్టల్లో ఆ అమ్మాయిల పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. నీళ్ళనేమంటారు, అన్నాన్నేమంటారు అని అడుగుతుంటే నేను పలికే తీరుకు వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. ఈ రోజు నేను ఇదే కాలేజీలో తెలుగు చెబుతున్నానంటే, ఎక్కడికీ ట్రాన్స్‌ఫర్ అడగలేదంటే, ఆ మాట తగలాల్సిన చోట తగిలింది కాబట్టి.

ఆయన అలవాట్లు చెప్పమంటే తెల్లవార్లూ చెప్తాను. పేపరు రాగానే ముందు ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర చూసేవారు, తర్వాతే ముఖ్యమంత్రి ఏమన్నాడో. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు, పిల్లలు నవ్వుతారని తెలిసీ మానలేదు. లంచ్‌లో ఒక్కచోట కూర్చునే రకం కాదు. బాక్సు బాక్సుకూ తిరిగి, "ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?" అని అడిగేవారు. అడిగి ఊరుకోరు, ఒక ముద్ద లాగించేవారు. ఒకసారి ఒక పిల్ల వరసగా కొన్నాళ్ళు ఉత్త పచ్చిపులుసు తెస్తుంటే, క్లాసులో ఆమె పేరెత్తకుండా బీడీలు చుట్టే తునికాకు రేటు గురించి పాఠం పెట్టారు. కట్టకు ఎంత ఇస్తున్నారు, ఎవరు ఖాయం చేశారు, ఖాయం చేసేటప్పుడు ఆకు కోసినవాళ్ళను అడిగారా? ఆ పిల్లే లేచి జవాబు చెప్పింది. కూర చూసి ఇంటి సంగతి చెప్పేవారాయన. అదే అసలు అర్థశాస్త్రం అనేవారు.

లీడర్ల గురించి ఆయనకు పెద్ద భ్రమలు లేవు. "ఓటడిగినంక మర్చిపోయేటోడు లీడర్, ఓటేసినంక మర్చిపోయేటోడు జనం. ఇద్దరికి ఒకటే మందు, యాది చేసేటోడు ఒకడు ఊర్ల ఉండాలె" అనేవారు. అట్లా గుర్తుచేసేవాడి కోసమే బీఏ అని ఆయన నమ్మకం. ఉద్యోగం రాదు కదా సార్ అని పిల్లలు గొణిగితే కోపం వచ్చేది. కోపం వస్తే చెవులు ఎర్రబడేవి. కానీ అబద్ధం మాత్రం చెప్పలేదు ఎవ్వరికీ. వస్తదని చెప్పను, రాదని కూడా చెప్పను, అడగడం మాత్రం వస్తది అనేవారు.

ఆ రోజు ఆయన వెళ్ళింది నాకు ఫోన్ చేసిన ఆ ఫైనలియర్ అమ్మాయి వాళ్ళ గూడానికి. అక్కడ ఒకాయనకు ఇంటర్ పాసైన కూతురు ఉంది. ఆ పిల్ల బీఏలో చేరతానంటోంది. తండ్రేమో హైదరాబాద్ అవతల ఏదో కంపెనీలో ప్యాకింగ్ పనికి పంపుతానని కూలీల మేస్త్రీకి మాట ఇచ్చేశాడు. సార్ వెళ్ళేసరికి ఆయన పోడు చేలో ఉన్నాడు. కబురు పెట్టారు. వాకిట్లో నులక మంచం వాల్చారు. సార్ కూర్చుని మంచినీళ్ళు తాగి, ఆ ఇంటి పిల్లతో కాసేపు మాట్లాడి, "మీ నాయన రానీ, ఆయనతోనే మాట్లాడత" అని నడుం వాల్చారట. అంతే. తండ్రి చేలో నుంచి వచ్చేసరికి వాకిట్లో ఏడుపులు.

నేనూ మా ప్రిన్సిపాల్‌గారూ ఆటో కట్టించుకుని ఉరికాం. మొన్నటి వానకు వాగు పారుతోంది, అంబులెన్స్ ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. అవతలి నుంచి మంచం వస్తోంది. నలుగురు నాలుగు మంచంకోళ్ళు పట్టుకుని, మొలలోతు నీళ్ళలో, తడవకుండా పైకెత్తి తెస్తున్నారు. ఇంకా దవాఖానాకు తీసుకెళ్తే లేస్తారనే నేను అనుకుంటున్నాను. "జల్దీ తీస్కరండి, జల్దీ" అని ఒడ్డున నిలబడి అరుస్తున్నాను. ఎవరూ పరుగెత్తలేదు. అప్పుడు తెలిసింది నాకు. అక్కడే ఇసకలో కూలబడ్డాను. దవాఖానాలో డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, ఎప్పుడో అయిపోయిందమ్మా అన్నాడు. సాయంత్రానికి దమ్మపేట దగ్గర ఆయన సొంతూరికి తీసుకుపోయారు.

మర్నాడు కాలేజీకి వెళ్తే అడ్మిషన్ల పని అట్లాగే ఉంది. గడువు దగ్గరపడుతోంది. సార్ తిరిగిన ఊళ్ళ నుంచి ఒకరిద్దరు వచ్చి చేరారు, ఇంకా చాలదన్నారు. గ్రూపు నిలుస్తుందో పోతుందో ఇది రాస్తున్న నాటికీ తేలలేదు. నాకైతే ఏ పనీ చేతకావడం లేదు. మధ్యాహ్నం బాక్సు తీస్తే, ఎవరో వచ్చి "ఏం కూర?" అంటారేమోనని గుమ్మం వైపు చూస్తున్నాను. పిచ్చి పట్టినట్టే ఉంది.

ఆయన దినాలు కాకముందే, ఒక పొద్దున స్టాఫ్‌రూం గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. భుజాన తువ్వాలు, వెనక చేతిసంచి పట్టుకున్న ఆడపిల్ల. మంచం ముందు కోడు పట్టుకుని వాగు దాటినవాడని గుర్తుపట్టాను. ఆ తండ్రే.

"మేడం, మీ సార్ నాకోసరం కూసున్నడంట గదా. నాకేం చెప్పాలని వచ్చిండో తెల్వాలె. తెల్వక నిద్ర పడ్తలేదు" అన్నాడు.

"మీ అమ్మాయిని బీఏలో చేర్చమని చెప్పడానికే" అన్నాను.

"గది మా పిల్ల చెప్పింది. గా బీఏల ఏముంటదో ఆయన చెప్పేదుండె. మా ఇంటికాడ పానం ఇడిసిండు, ఆయన మాట ఇనకుండ ఎట్లుంట? ఇగ మీరే చెప్పుర్రి. మనసుకు పడితే పిల్లను ఈడనే ఉంచి పోత. పడకుంటే మేస్త్రీ చర్ల బస్టాండ్ల ఉన్నడు, తోల్కపోత."

గ్రూపు గొప్పలు చెబితే సార్ నన్ను క్షమించరు. ఉద్యోగాలొస్తాయని అబద్ధమాడలేను. ఇంతలో ఫస్ట్ పీరియడ్ గంట కొట్టారు. అది సార్ పీరియడే. "రా పెద్దన్నా, అదేందో నువ్వే చూద్దువు" అని క్లాసుకు తీసుకుపోయాను. చెప్పులు వరండాలో విడిచి, కూతురితో కలిసి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. అప్పటికి చేరిన ఫస్టియర్ పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు.

నేనెత్తుకున్నది సార్ చెబుతున్న కావ్యంలోని కరువు ఘట్టం. ముందు పద్యం పాడాను, సగంలో ఆగి మళ్ళీ మొదటి నుంచి పాడాను. తర్వాత కథ చెప్పాను. వరసగా వానల్లేవు. జనం రాజు కోట ముందుకొచ్చి కూర్చున్నారు. కొట్లలో గింజలున్నాయి. ఇప్పుడు పంచితే వచ్చే ఏటికి విత్తనాలుండవు, దాస్తే ఇప్పుడే జనం చస్తారు. ఏం చేయాలి? బోర్డు మీద రెండే మాటలు రాశాను. ఆకలి, విత్తనం.

ఆఖరి బెంచీలో ఆ పిల్ల లేచింది. ఇంకా కాలేజీలో చేరనే లేదు, సంచి ఒళ్ళో ఉంది, సంచితోనే లేచింది.

"కొట్ల ఎన్ని గింజలున్నయో ముందు జనానికి చూపియ్యాలె మేడం. తలుపు తెరిసి చూపిస్తే, ఎన్ని తినాలె, ఎన్ని దాసుకోవాలెనో వాళ్ళే చెప్తరు. రాజొక్కడే ఎందుకు చెప్పాలె?"

మిగతావాళ్ళు ఊరుకుంటారా? ముసలాళ్ళకు ముందు పెట్టాలని ఒకరు, పక్క రాజ్యంలో అప్పు తేవాలని ఒకరు, తెస్తే ఎట్లా తీరుస్తావని ఇంకొకరు. ఆ పిల్ల అందరికీ జవాబు చెబుతోంది, కూర్చోవడమే మరిచిపోయింది. తండ్రి నన్ను చూడడం మానేశాడు. మెడ ఎత్తి కూతుర్నే చూస్తున్నాడు.

గంట కొట్టింది. పిల్లలు లేచారు. ఆయన లేవలేదు.

"అయిపాయెనా? గింజలిచ్చిండా, ఇయ్యలేదా?"

"అది రేపటి పాఠం పెద్దన్నా."

కూతురి చేతిలోని సంచి తీసి బెంచీ మీద పెట్టాడు.

"నువ్ కూసో. రాజు ఏం జేసిండో రేపు ఫోన్ జేసి చెప్పు."

వరండాలోకి వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు. వెంటనే పోలేదు. చదవడం రాని ఆ మనిషి కిటికీ ఊచలు పట్టుకుని, బోర్డు మీది ఆ రెండు మాటల్ని చూస్తూ చాలాసేపు నిలబడే ఉన్నాడు.