తండ్రి తెలియని కందులు

ఆ రోజుల్లో నా నడుము వంగేది కాదు. తాతల నాటి దొరల గడి, భూములు, చివరికి ఊరు కూడా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కలిసిపోయాయి. అయినా గోదావరిఖనిలోని మా రెండు గదుల అద్దె ఇంట్లోకి నేను దొరలాగే అడుగుపెట్టేవాణ్ని (గుమ్మం పొట్టిది, రోజూ నుదురు తగిలేది). ఆస్తి అంటూ మిగిలింది నాయనమ్మ బూడిద కలిపి కుండలో దాచిన గడి కందులే. పురుగు తినగా అవీ గుప్పెడయ్యాయి. రామగిరి దగ్గర పప్పుధాన్యాల పరిశోధన క్షేత్రంలో నాకు కూలి పని దొరకగానే వాటిని అక్కడి శాస్త్రవేత్త మేడం ముందు పోసి, "మా వంశం కందులు మేడం, కల్తీ లేదు" అన్నాను. మందమర్రి గని కార్మికుడి బిడ్డ ఆవిడ. "కావాల్నని ఎండు తెగులు పెంచిన మడిల పెట్టి చూద్దాం. తట్టుకుంటె విత్తనమైతది. సగం మాత్రం దాచుకో చిన్నదొరా, ఆ మట్టి మంచిది కాదు" అంది. "మాకు భయమేంది మేడం?" అని గుప్పెడూ నేనే విత్తేశాను.

పూత వచ్చింది. అన్నీ పసుపు పూలే, కానీ నడుమ కొన్ని మొక్కలకు రేకుల వెనక ఎర్ర చారలు! నా ముఖం మాడిపోయింది. ఎవరూ లేరని చూసుకుని ఒకదాన్ని పట్టుకున్నానో లేదో, వెనక నుంచి కేక.

"చెయ్యి తియ్! దాన్ని పీకితె నిన్ను పీకుత."

"ఇవి మావి కావు మేడం."

"నీయే. తల్లి మీ కందే. మీ ఊర్ల ఉన్నప్పుడే తేనెటీగ ఏ చేన్లకెల్లి పుప్పొడి తెచ్చిందో, తండ్రెవరో ఎవరికెరుక?"

"మా వంశంల అసొంటివి లేవు!"

"వంశం సంగతి నువ్వు చూస్కో. కంది సంగతి నాకిడ్సిపెట్టు."

తర్వాత తెగులు మొదలైంది. రోజూ చాయ్ కూడా తాగకుండా మడికి పరుగెత్తేవాణ్ని. పసుపు పూల మొక్కలు ఒక్కొక్కటే తల వాల్చాయి. నీళ్లు మోశాను. "అది దూప కాదు, వేరు కుళ్లు" అంది మేడం. కాయలో గింజ పడకముందే వాటిలో చివరిదీ ఎండిపోయింది. ఇక మిగిలినవి ఎర్ర చారలవే. వాటిలోనూ ఒకదాని కింది ఆకు పండింది. నేను పీకబోయిన మొక్కల ముందే గొంతుక్కూర్చుని, బతకమని బతిమాలాను. మధ్యాహ్నం బ్లాస్టింగుకు నేల అదిరితే రెండు చేతులా కాండం పట్టుకునేవాణ్ని. బతికాయి. గింజ కట్టాయి. "బయటి రక్తం కలిసింది కాబట్టే నిలవడ్డయి" అని మేడం కొత్త పూతకు వల కట్టించింది, ఇక ఏ ఈగా వాలకుండా.

అసలు భయం ఇంట్లో ఉంది. నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"మన కందులు సచ్చినయి నాయనమ్మా. బతికినయి గూడ మనయే, గని… తండ్రి తెల్వదట."

చేట ఆగింది.

"తల్లి మన గడిదేనా?"

"ఔ."

"మరి ఏడుపేందిరా? మన గోడలు మనుషులనాపినయి గని ఈగలనాపినయా? పప్పు మంచిగ ఉడుకుతదా, అది చెప్పు."

ఇప్పుడు ఆ కందుల సంతతి ఏదో అంకె పేరున్న విత్తన రకంగా చుట్టుపక్కల చేలల్లో పూస్తోంది. మా ఇంటిపేరు ఎక్కడా లేదు. పూత కాలంలో బండి ఆపి చూస్తూ ఉండిపోతాను. "ఏంది సార్, చుట్టాలా?" అని ఏ రైతైనా ఎగతాళి చేస్తే, అవునంటాను. ఆ రోజుల్లోనైతే, తల్లి వైపు మాత్రమేనని కూడా చెప్పేవాణ్ని.