రేకుల మీద కాగిన నీళ్ళు

మధ్యాహ్నం రెండు దాటాక వాకిట్లో పడున్న రబ్బరు పైపు తిప్పితే మొదట వచ్చే నాలుగు దోసిళ్ళ నీళ్ళు చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉంటాయి. వాటికి ఎండలో ఉడికిన రబ్బరు వాసన, కొంచెం నాచు వాసన, ఎక్కడో అడుగున తుప్పు వాసన. మొన్న ఆదివారం పోర్ట్ క్లాంగ్‌లో మా పాత ఇంటి వాకిలి కడుగుదామని కుళాయి తిప్పి, ఆ నీళ్ళు పాదాల మీద పడగానే చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దారినపోయేవాళ్ళెవరైనా చూస్తే ఈవిడకు ఎండదెబ్బ తగిలిందనుకునేవారు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు పదేళ్ళు. పెరట్లో నీలం గుడ్డ కొలను, వంటింటి రేకుల మీద చుట్టలు చుట్టిన నల్ల పైపు, నీళ్ళ వేడి చూడ్డానికి వంగిన మా మామ్మ మోచెయ్యి.

మలేషియాలో ఈతకొలను నీళ్ళు కాచుకునేవాళ్ళమంటే ఎవరూ నమ్మరు. ఏడాది పొడుగునా ఉక్కపోసే దేశం ఇది. మా ఆఫీసుకు కొత్తగా హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయికి ఒకసారి చెబితే, "కాచడమెందుకండీ, మూత తీసి పెడితే అవే ఉడుకుతాయి కదా" అని నవ్వింది. ఆ అమ్మాయిని అనడానికేమీ లేదు. ఆమె మా చెల్లెలి కాళ్ళు చూడలేదు.

మా చెల్లెలు పైడి నాకంటే నాలుగేళ్ళు చిన్నది. పుట్టేటప్పుడు ఏదో అయి దాని కాళ్ళు బిగుసుకుపోయాయి. ఎత్తి నిలబెడితే మోకాళ్ళు ఒరుసుకుని పాదాలు కత్తెర పడిపోయేవి. నోటికి మాత్రం ఏ బిగుతూ లేదు. చాప మీద కూర్చున్న చోటునుంచే ఇంటిల్లిపాదికీ పనులు పురమాయించేది, ఐదు రాళ్ళాటలో నన్ను ఓడించి వెక్కిరించేది. ఆసుపత్రిలో కాళ్ళ వ్యాయామాలు చేయించే మలాయ్ ఆవిడ, గోరువెచ్చని నీళ్ళలో నడిపిస్తే కండరాలు వదులవుతాయని, చన్నీళ్ళలో మాత్రం దించొద్దని, ఇంకా బిగుస్తాయని చెప్పింది. అక్కడి వేడినీళ్ళ తొట్టిలో పైడి వంతు నెలకొకసారి వచ్చేది. నెలకొకసారి నడిస్తే పిల్లకు నడక ఏనాటికి వస్తుందని నాన్న బెంగ.

నాన్న రేవులో ఓ గోడౌన్‌లో సరుకు దించే పని చేసేవాడు. ఒకరోజు సాయంత్రం లారీలో ఒక చినిగిన అట్టపెట్టె తెచ్చి పెరట్లో దించాడు. దింపేటప్పుడు దెబ్బతిన్నదట, పై మేనేజరు పట్టుకుపొమ్మన్నాడట. పెట్టె మీద తెల్లపిల్లలు గుండ్రటి నీలం కొలనులో కేరింతలు కొడుతున్న బొమ్మ. లోపల దుప్పట్ల మూటంత నీలం గుడ్డ, ఇనుప కాళ్ళు, ఒక చిన్న మోటారు. కాళ్ళలో మూడు లేవు. నాన్న పాత నీళ్ళగొట్టాలు కోసి ఆ మూడూ తయారుచేశాడు. అరటిచెట్లు రెండు కొట్టేసి, ఇసక పరిచి, మేస్త్రీలు పెట్టినట్టు సన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసి మరీ నిలబెట్టాడు. అయినా మొదటిసారి నింపినప్పుడు కొలను మామిడిచెట్టు వైపు బొజ్జలా ఉబ్బిపోయి, అందరం చేతులడ్డం పెట్టి నిలబడ్డాం, అదేదో మా చేతులకు ఆగుతుందన్నట్టు. మళ్ళీ ఖాళీ చేసి మళ్ళీ ఇసక పరిచాడు.

నీళ్ళు నిండాక పైడిని దింపితే మొదటి నిమిషంలోనే దాని పెదాలు నల్లబడ్డాయి. రాత్రి కురిసిన వాననీళ్ళు మరి. కాళ్ళు రెండూ మెలిపడిపోయాయి. "తియ్యండొలే, తియ్యండి" అని మామ్మ దాన్ని ఎత్తుకుని చీరకొంగులో చుట్టేసుకుంది. ఆ తర్వాత మూడు రోజులు ఎవరూ ఆ కొలను వైపు చూడలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం నాన్న మొక్కలకు నీళ్ళు పెడుతూ పైపులోంచి వచ్చిన మొదటి నీళ్ళకు చెయ్యి కాలి, పైపు వదిలేసి, ఆ పైపు వంక చాలాసేపు చూశాడు. మర్నాడు ఎక్కడినుంచో నల్ల పైపు చుట్టలు చుట్టలుగా తెచ్చి వంటింటి రేకుల మీదికెక్కించి, తీగలతో కట్టి, ఒక కొస మోటారుకూ ఇంకో కొస కొలనులోకీ వదిలాడు. పొద్దున తొమ్మిదింటికి మోటారు వేస్తే నీళ్ళు రేకుల మీదికెక్కి, ఆ చుట్టలన్నీ తిరిగి, మూడింటికల్లా కొలనంతా పొత్తిళ్ళ పాపకు పోసే నీళ్ళంత వెచ్చగా అయ్యేది. వెచ్చదనం పోకుండా సాయంత్రం పైన టార్పాలిన్ కప్పేవాళ్ళం. వేడి సరిపోయిందో లేదో చెప్పే అధికారం మాత్రం మామ్మదే. పైడిని పసిపిల్లప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిన మనిషి. మోచెయ్యి ముంచి, కళ్ళు మూసుకుని, "ఇంకా సల్లగున్నాయి, ఆగండి" అనేది. మామ్మ ఆగమంటే నాన్న కూడా ఆగాల్సిందే.

ఏడాది చివరి వానల్లో రేకుల మీది పైపుకు ఎండ దొరికేది కాదు. అప్పుడు పెరటి మూల మూడు రాళ్ళ పొయ్యి మీద అండా ఎక్కేది. నాన్న గోడౌన్‌నుంచి తెచ్చిన చెక్కలు, ఎండిన కొబ్బరిమట్టలు, ఆ తడిలో అంటుకోక కమ్మే పొగ, పొగలో మామ్మ దగ్గు, అమ్మ విసుక్కుంటూ బకెట్లు మోయడం, కాల్చిన మొక్కజొన్నపొత్తు నా ఒక చేతిలో. ఇరవై బకెట్లు పోసినా ఆ కొలనులో ఏమూలకొచ్చేది? అయినా పోసేవాళ్ళం. రంబుతాన్ కాయలు వలిచి నోట్లో పెడితే నములుతూ, పైడి అట్టపెట్టె మీద కూర్చుని "బేగి పొయ్యండి" అని మమ్మల్ని తోలేది.

నీళ్ళలో దాన్ని నడిపించే పని నాది. దాని రెండు చేతులూ పట్టుకుని నేను వెనక్కి వెనక్కి నడిచేదాన్ని, అది నా మొహం చూస్తూ ముందుకొచ్చేది. నీళ్ళు నాకు నడుముదాకా, దానికి చంకలదాకా. మొదట్లో కాళ్ళు తేలిపోయేవి. రెండు నెలలకు పాదాలు అడుగును తాకడం నేర్చుకున్నాయి. వానలు వెళ్ళేసరికి కత్తెర కొంచెం కొంచెంగా విడివడింది. నీళ్ళలోంచి తీశాక ఒక అరగంటసేపు దాని కాళ్ళు మెత్తగా, మామూలు పిల్లల కాళ్ళలా ఉండేవి. ఆ అరగంట మామ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని నువ్వులనూనె రాస్తూ, ఎవరితోనూ మాట్లాడేది కాదు. నా జీవితంలో నేను చూసిన ప్రార్థన అంటే అదే.

ఆ ఏడు ఉగాదికి మామ్మ ఒక పని చేసింది. ఇంటినిండా బూరెల వాసన, అమ్మ కొత్త మట్టికుండలో పచ్చడి కలుపుతోంది, నాన్న గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు. పండగపూట పిల్లకు ఒట్టి నీళ్ళేమిటనుకుందో ఏమో, పెద్ద గిన్నెడు పసుపు నీళ్ళలో కలిపి, రెండు దోసిళ్ళ వేపాకుతో సహా కొలనులో కుమ్మరించేసింది. అమ్మవారు పోసి తగ్గిన పిల్లలకు పోసే నీళ్ళు అలాగే ఉంటాయి మరి. నాన్న వచ్చి చూసేసరికి నీళ్ళు పచ్చగా, మడ్డిగా ఉన్నాయి. నీళ్ళు చెడితే చల్లమని పెట్టెతో వచ్చిన తెల్లపొడి ఒకటుండేది. ఆయన మామ్మను ఏమీ అనలేక, ఆ పొడి డబ్బా సగం వంచి కర్రతో కలిపాడు.

మా కళ్ళముందే కొలనంతా ఎర్రబడింది.

అమ్మ చేతిలో గరిటె జారిపోయింది. నాన్న కర్ర పైకి తీసి చూసుకున్నాడు. మామ్మ మాత్రం రెండు చేతులూ జోడించింది. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎర్రనీళ్ళు అవి. పెళ్ళికూతురికీ బాలింతకూ దిష్టి తీసేవి. ఆ తెల్లపొడికీ సున్నానికీ ఒకటే గుణమని తర్వాతెప్పుడో బళ్ళో సైన్సు టీచరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. మామ్మకైతే చెప్పినా వినేది కాదు.

"దిష్టి దిగిపోనాది సూడు" అంది మామ్మ. "ఇంతకాలం మన గుంట కాల్లకి పట్టినదంతా నీలల్లోకి వచ్చీసినాది. దింపండి. ఈయేల ఒక్కర్తీ నడుస్తాది."

అమ్మ వద్దంది. నాన్న అటూ ఇటూ చూశాడు. కొత్త గౌను విప్పించుకుని పైడి అప్పటికే చేతులు చాచేసింది. నేను దాన్ని దింపాను, తోడు దిగాను. నీళ్ళు ఆ రోజు ఎప్పటికంటే వెచ్చగా ఉన్నాయి. మామ్మ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, కొలను అంచు పట్టుకుని, "సెయ్యొగ్గీ గౌరీ" అంది నాతో.

చెయ్యి వదల్లేకపోయాను. దాని మొహంలో భయం నాకొక్కదానికే కనిపిస్తోంది. మామ్మ మొహంలో ఆశ అందరికీ కనిపిస్తోంది. ఆ రెండింటి మధ్య పదేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? దాని పక్కకు జరిగి, కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాను. ఎడమచెయ్యి ఎవరూ అడగలేదు. ఆ చేతి వేలు నీళ్ళ కింద పైడి నడుము వెనక, మామ్మ కట్టిన నల్ల మొలతాడులో దూర్చి ఉంది. ఎర్రనీళ్ళలో అడుగున ఏముందో ఎవరికి కనపడుతుంది?

అది నడిచింది. ఈ అంచునుంచి ఆ అంచుదాకా, చేతులు రెండూ నీళ్ళ మీద పరిచి, పెదవి కొరుక్కుంటూ నడిచింది. ఎదురుగా మామ్మ మొహం పట్టుకునేదాకా ఆగలేదు. అమ్మ ఏడ్చింది. నాన్న వెనక్కి తిరిగి గోడ వైపు నిలబడ్డాడు. మామ్మ ఆ సాయంత్రంలోగా వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి బూరెలు పంచి, "మా గుంట ఒక్కర్తీ నడిసీసినాది" అని చెప్పి వచ్చింది. దిష్టినీళ్ళు ఇంట్లో ఉంచకూడదని కొలను అడుగు బిరడా లాగించేసింది. ఇంటిముందు పెద్ద కాలువలో ఎర్రనీళ్ళు పారుతుంటే, రక్తమనుకుని ఎదురింటి చైనీస్ ఆంటీ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

చెప్పాల్సింది. ఆ రాత్రే చెప్పాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే, వారం తిరక్కుండా నాన్న దాన్ని నేల మీద నిలబెట్టి చెయ్యి వదిలాడు. నీళ్ళలో ఒక్కర్తీ నడిచిన పిల్ల నేల మీద నాలుగడుగులు వెయ్యదా అని ఆయన నమ్మకం. అది బోర్లా పడింది. ముందుపన్ను సగం విరిగింది. రక్తం చూసి నేను ఇంటి వెనక్కి పారిపోయి, చల్లారిన పొయ్యి పక్కన నక్కి కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు. మరుసటి ఏడు వానల్లో మామ్మ పోయింది, తన మనవరాలు ఒక్కర్తీ నడవడం కళ్ళారా చూశానన్న తృప్తితో. ఇక ఎవరికి చెప్పను?

కొలను ఆ తర్వాత ఇంకో ఏడాది ఉంది. ఒక గాలివానకు నాన్న చేసిన మూడు కాళ్ళలో ఒకటి వంగి, గుడ్డ సర్రున చిరిగి, క్షణంలో నీళ్ళన్నీ పెరడంతా పారాయి. మళ్ళీ అలాంటిది పెట్టలేదు. పైడి ఒళ్ళు చేసింది, ఎత్తి దింపేవాళ్ళు లేరు, చదువులో పడింది. నేల మీద అది ఎప్పుడూ నడవలేదు. ఇప్పుడు సైబర్‌జయలో ఒక కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తుంది, చక్రాల కుర్చీలో తిరుగుతుంది, కింద పనిచేసేవాళ్ళను చాప మీద కూర్చుని మమ్మల్ని తోలినట్టే తోలుతుంది. నవ్వితే ఆ సగం పన్ను కనిపిస్తుంది. కట్టించుకోమంటే కట్టించుకోదు. అది నవ్వినప్పుడల్లా నేను మొహం తిప్పుకుంటాను.

ఇప్పుడు ఆ పెరడు లేదు. కారు పెట్టుకోవడానికి సిమెంటు పోయించాం. మామిడిచెట్టు లేదు, పొయ్యిరాళ్ళు లేవు. పోయిన వారమే వంటింటి రేకులు మార్పించాం. పనివాళ్ళు ఆ నల్ల పైపు చుట్టలు కిందికి విసిరేస్తే, పట్టుకుంటే పెంకుల్లా విరిగాయి. నాన్న ఉండుంటే దాచమనేవాడు.

మొన్న ఆదివారం నేను చీపురుతో నిలబడిపోయినప్పుడు పైడి గుమ్మంలోనే ఉంది. శనాదివారాలకు నేనే కారులో తీసుకొస్తాను. కుర్చీ ముందుకు తోసుకొచ్చి, కాళ్ళు చాపింది.

"అప్పా, ఇటు పొయ్యి. ఏడిగున్నాయి కదా, వేస్ట్ సెయ్యకు లా."

మా ఇళ్ళల్లో అక్కను అప్ప అంటాం; మాట చివర ఆ 'లా' ఈ దేశంలో అందరికీ ఊతపదం. పైపు దాని పాదాల మీదికి తిప్పాను. బిగుసుకున్న వేళ్ళు ఆ వేడికి ఒక్కొక్కటే విచ్చుకుంటుంటే, ముప్పై ఏళ్ళనుంచి దాచుకున్నది బయటికి వచ్చేసింది. ఆ ఉగాదినాడు నేను నిన్ను వదలలేదే, మొలతాడు పట్టుకునే ఉన్నానే, నా మూలంగానే నీ పన్ను విరిగిందే అని చెప్పాను. తలెత్తలేకపోయాను.

"తెలుసు లా" అంది పైడి.

తలెత్తి దాని మొహం చూశాను.

"ఎంత గట్టిగా లాగినావో తెలుసా? వారం రోజులు నడుం మీద గీత ఉన్నాది. మామ్మ నూనె రాస్తా సూసినాది కూడా."

"మామ్మ చూసిందా?"

"సూసినాది. గీత మీద నూనె రాసి, ఎవలికీ సెప్పకు అన్నాది. సెప్తే అప్ప రేపట్నించి ఒగ్గెస్తాది అన్నాది."

పైపులో వేడినీళ్ళు అయిపోయి మామూలు చన్నీళ్ళు వచ్చాయి. పైడి వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. నేను కుళాయి కట్టేసి, పైపును ఎండ పడే చోట పొడుగ్గా పరిచి, అది కాగేదాకా దాని కుర్చీ పక్కన గడప మీద కూర్చున్నాను.