మా ఆడబిడ్డ మిగిల్చిన ముక్క

ఫోను మోగితే నాకు గుండె జల్లుమంటుంది. ఎవరికేమైందోనని ముందు రాజన్న దేవుడి పటం వైపు చూసి, దండం పెట్టుకొని, అప్పుడు ఎత్తుతాను. ఆ ఆదివారం పొద్దున మాత్రం పటం వైపు చూడలేదు. అది మా ఆడబిడ్డ ఫోను చేసే వేళ. వచ్చింది కూడా ఆమె నంబరు నుంచే. ధైర్యంగా ఎత్తి, "ఏం కూర వండినవే?" అని అడిగాను. అవతల వేరే గొంతు.

"పెద్దమ్మా, నేను ల్యాబుల మేడం దగ్గర పనిచేసేదాన్ని. పక్కింటోళ్లు పిలిస్తే వచ్చిన. మేడం నిద్రల నుంచి లేవలేదు."

జ్వరమా బిడ్డా అని అడిగాను. ఆమె ఏడ్చింది. అప్పుడు గాని నాకు తెలియలేదు.

గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారు. పలకరించడానికి వచ్చిన వాళ్లంతా చెవి దగ్గరకు వచ్చి ఒకటే మాట అడిగారు: "క్యాన్సర్ మీద పని చేసింది గద, గదే అంటుకున్నదా?" కాదు, అది అంటుకునే రోగం కాదు. ఆమె ఉంటే తానే చెప్పేది. ఇప్పుడు నేను చెప్పాల్సి వస్తున్నది. అందుకే వచ్చీరాని రాతతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆడబిడ్డ అంటే నా పెనిమిటి చెల్లెలు. నేను జగిత్యాల దిక్కున్న ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి ఆమెకు పాలపళ్లు ఊడుతున్నాయి. అత్త పొద్దంతా బీడీల చాట ముందర కూర్చునేది, ఈ పిల్ల నా కొంగు పట్టుకొని తిరిగేది. చదివి చదివి పట్నంలో పెద్ద ప్రయోగశాలలో కుదిరింది. పెళ్లి మాట ఎత్తితే, "పెళ్లయితే ఎవలన్న నాకు వండి పెడ్తరా వదినె? మళ్ల నేనే వండాలె గద" అని నవ్వేది. నా పెనిమిటి పోయాక నాకు ఆదివారం అంటే ఆమె ఫోనే.

మా బావ, అంటే నా పెనిమిటి అన్న, అన్ని కార్యాలూ జరిపించి, ధర్మపురి దగ్గర గోదావరిలో అస్థికలు కలిపి వచ్చాడు. ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు మళ్లీ ఆ పట్నం ఆమె ఫోను చేసింది. మా ఆడబిడ్డ శరీరంలోని ముక్క ఒకటి, నువ్వుగింజంత, ఇంకా ప్రయోగశాలలో మంచు పెట్టెలో ఉందట. "ఇంటోళ్లు చెప్పకుండ నేనేం చెయ్య పెద్దమ్మా. ఉంచమంటె ఉంచుతం, కాల్చమంటె కాలుస్తం" అన్నది.

బావకు చెప్తే మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "ఏందీ, ముక్క మిగిలిందా? మనిషన్నంక అగ్గిల పూరాగ పోవాలె. అరకొర పోతే తొవ్వ దొరుకదు, తిరుగుతది. పో, నువ్వే పోయి కాల్పిచ్చి రా."

ఆ రాత్రి వాకిట్లో దీపం పెట్టి కూర్చున్నాను. నిజంగా తొవ్వ దొరకక తిరుగుతుంటే? చీకట్లో నడవాలంటే చిన్నప్పటి నుంచీ భయపడే పిల్ల. కాల్చేస్తే, ఆమె పని మధ్యలో ఆగిపోతే? ఏది చేసినా నేనే చేసినదాన్ని అవుతాను.

ఆ ముక్క అక్కడ ఎందుకుందో చెప్పాలంటే ఆమె పని చెప్పాలి. నాకు తెలిసింది ఆమె చెప్పినంతే. ఒకసారి వచ్చి, నా పక్కన చాట ముందర కూర్చొని తునికాకు కత్తిరిస్తూ చెప్పింది. ఆమె చుట్టిన బీడీ ఎప్పుడూ నడుం విరిగేది, అయినా కూర్చునేది.

"మన పానం గోడ లెక్క వదినె. కణాలు ఇటుకలు. నడుమ మట్టి ఉంటది. గా మట్టిని కొరికే ఎంజైములుంటయి."

"కొరుకుడెందుకు, పాపం?"

"పుండు మానాలంటె పాత మట్టి తియ్యాలె, కొత్తది పెట్టాలె గద. గందుకు అవ్వి కావాలె. క్యాన్సర్ ఏం చేస్తదంటె, గా కొరికెటోళ్లనే పనికి పిలుచుకుంటది. గోడకు కన్నం పెట్టిచ్చుకొని అవతలి ఇంట్లకు పోతది. నేను గా కొరికెటోళ్లను పట్టే పనిల ఉన్న."

"దొరికిర్రా?"

"కొందరు దొరికిర్రు. గని అందర్ని చంపితే పుండు మానది. గదే తిప్పలు."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కూర సంగతి అయ్యాక "దొరికిర్రా?" అని అడిగేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మందులిచ్చే డాక్టరనుకొని వాడలో వాళ్లు మోకాళ్లు చూపిస్తే మాత్రం, "నేను గా డాక్టర్ను కాదే అవ్వా" అంటూనే మోకాలు పట్టుకొని చూసేది.

ఆమెకు కావలసింది నోటి లోపలి చర్మం. మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లలో సగం మంది బుగ్గన తంబాకు పెట్టుకుంటారు. నేనూ పెట్టేదాన్ని. ఒక రోజు టార్చిలైటుతో నా నోట్లో చూసి, లైటు ఆర్పింది. తెల్లటి మచ్చ ఉందట. పెద్ద దవాఖానలో డాక్టరు చిన్న ముక్క కోసి చూడాలి, కొంచెం తన పనికి కూడా కావాలి అన్నది. అట్లాంటి మచ్చలున్న వాళ్లను అందరినీ అడిగింది. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు.

మీకు తెలియని సంగతి కాదు. కత్తిరించిన గోరు కూడా మేం పొయ్యిలో వేస్తాం. పరాయి చేతిలో పడితే బాణామతి చేస్తారని భయం. అట్లాంటిది మాంసం ముక్క ఎట్లా ఇస్తాం?

"మరి ఎంటికలిచ్చి గిన్నెలు తీస్కుంటరు గదనే?" అని ఆడబిడ్డ అడిగితే, ఎదురింటామె చాట పక్కకు పెట్టి లేచింది.

"ఓ పిల్లా! గా ఎంటికలల్ల అందరియ్యి కలుస్తయి. ఎవలియ్యో ఎవలికెర్క? నువ్వు సీసా మీద పేరు రాసి తీస్కపోతవాయె! పేరు, ముక్క రెండూ ఒక్కదగ్గర దొరికినంక ఇగ మంత్రగానికేం తక్కువ?"

అందరం అవును అవును అన్నాం. మా ఆడబిడ్డ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "నువ్వన్నది కరెక్టే చిన్నమ్మా. పేరు రాయను. అంకె ఏస్త" అన్నది. పట్నంలో కూడా అట్లాగే చేస్తారని తర్వాత తెలిసింది. కాని ఆ రోజు ఆ మాట ఎదురింటామెదే అయింది. ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ముందు నన్నే తీసుకుపోయింది. దవాఖానలో నేను వణుకుతుంటే నా పాదాలు రెండూ పట్టుకొని నిలబడింది. ఒక ముక్క డాక్టర్ల సీసాలోకి, ఒకటి ఆమె మంచు డబ్బాలోని సీసాలోకి పోయింది. ఇంటికి వచ్చి ఆమె అన్నం తింటుంటే నాకు మనసు నిలవలేదు. అంకె వేసినా ముక్క నాదే కదా. గాలి సోకితే? దేవుడి దగ్గరి పసుపు చిటికెడు తెచ్చి, సీసా మూత తీసి, ముక్క మీద చల్లి, మూత పెట్టాను. రక్ష ఉంటుందని.

మర్నాడు ఫోను. "వదినె, సీసాల ఏమన్న ఏసినవా?"

"పసుపే. జరంత."

నా పానం పోయింది. అవతల నవ్వు. ఆగకుండా నవ్వు. "మిషన్ల పెడితే తంగేడు పువ్వు లెక్క మెరుస్తుందే నీ ముక్క! ఏ ఎంజైము యాడుందో ఒక్కటి కనవడ్తలేదు!"

"పసుపు మంచిదే గద?"

"మంచిదే. కూరల."

తిట్టలేదు. పని పాడు చేశావనలేదు. తర్వాతిసారి వచ్చినప్పుడు మంచు డబ్బా అరుగు మీద పెట్టి, "సీసాలకు ఒద్దు గని, డబ్బాకు ఎంతనన్న పెట్టుర్రి" అన్నది. పసుపు పూశాం, కుంకుమ బొట్లు పెట్టాం, వేపకొమ్మ కట్టాం. ఆ డబ్బాను చూసి వాడంతా ధైర్యం తెచ్చుకుంది. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు వచ్చారు.

నాది క్యాన్సర్ కాలేదు, కాని ఆ తొవ్వ పట్టిందని డాక్టర్లు చెప్పారు. మచ్చ మొత్తం తీశారు. ఆ ముక్క ఆమెకు ఏ పసుపూ లేకుండా చేరింది. తంబాకు మానడానికి నేను పడిన పాట్లు చెప్తే తెల్లారుతుంది. బీడీలు మానమని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. ఆ చాట ముందర కూర్చుంటేనే కడుపు నిండుతుందని ఆమెకు తెలుసు. "చుట్టుర్రి, గని బుగ్గన పెట్టకుర్రి" అనేది.

మాకు ఇంకో మాట కూడా ఇచ్చింది. పనైపోయిన ముక్కలను కాలువలో పారేయనని, కాల్చేటప్పుడు దగ్గర నిలబడతానని. నిలబడింది కూడా. "ఇయ్యాల కొన్ని కాల్చిర్రు వదినె, దగ్గరున్న" అని ఫోను చేసేది. నేను పోయి వాడలో చెప్పేదాన్ని. మైల పట్టుకుంటుందేమోనని తలస్నానం చేసేదాన్ని, అందరినీ చేయమనేదాన్ని. ఎదురింటామె మొత్తుకునేది: "నా ముక్కే సచ్చింది గని నేను సచ్చిన్నా? తానమెందుకే పొద్దుపొద్దుగల్ల!"

నా భయాలు చూసి మా ఆడబిడ్డ అనేది, "నీ ఫికర్ కూడ ఎంజైమే వదినె. జరంత ఉంటె ఇల్లు నిలవడ్తది. ఎక్కువైతె ఇంటినే కొరుకుతది." ఆమె పోయాక ఈ మాట రోజూ చెవిలో పడుతున్నది. అయినా ఫికర్ తగ్గలేదు.

ఆ ఫికర్‌తోనే పట్నం పోయాను. ఆమె దగ్గర పనిచేసిన ఆమె బస్టాండుకు వచ్చి తీసుకుపోయింది. ఆమెకూ జుట్టు నెరుస్తున్నది, కళ్లు ఇంకా వాచే ఉన్నాయి. మంచు పెట్టె బీరువాలా నిలువుగా ఉంది. తలుపు తీస్తే తెల్లటి పొగ కిందికి దిగింది. లోపల చిన్న చిన్న సీసాలు, అన్నిటి మీదా అంకెలు. ఒక్కదాని మీద మాత్రం పేరు.

"గిదే మేడంది. మీ వాడోళ్లు ముక్కలిచ్చినప్పుడు మేడం కూడ తన బుగ్గ లోపట ముక్క కోయిపిచ్చుకున్నది. తంబాకు తగలని మంచిది ఒకటి పక్కన ఉండాలె గద, పోల్చి చూసుటానికి. పేరు ఒద్దు మేడం అంటె, నాకేం బాణామతి భయం లేదు, రాయి అన్నది."

నేను ఆ పేరు మీదికి వంగి అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాను.

"పని ఇంక అయిపోలేదు పెద్దమ్మా. గని మీరు ఒద్దంటె ఒద్దు. రేపే కాల్పిస్తం, మీరు దగ్గరుండొచ్చు."

కాల్చే ముందు ఒకసారి చూపించమన్నాను. గింజంత ముక్కలో ఏం కనిపిస్తుందనుకున్నాను. ఆమె రెండు గాజుబిళ్లలు తెచ్చింది. ముక్కను ఉల్లిపొర కన్నా సన్నగా కోసి, బిళ్ల మీద పెట్టి రంగు వేస్తారట. ముందు మా వాడలో ఎవరిదో ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టింది. అడవిపందులు పడిన మక్కచేనులా ఉంది. ఎక్కడి గింజలు ఎక్కడో చెదిరి, కింది గట్టు తెగి ఉంది. తర్వాత బిళ్ల మార్చి, "గిది మేడంది" అన్నది.

గులాబీ రంగు. మక్కకంకి మీద గింజల్లా వరుస మీద వరుస.

"ఉండనీ బిడ్డా" అన్నాను. "పనైనంక ఫోన్ చెయ్యి. నేనొచ్చి దగ్గరుంట."

బావకు ఏం చెప్పాలన్న భయం అప్పుడే మొదలైంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మైక్రోస్కోపు మీది నుంచి కన్ను కూడా తీయలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ పిల్ల అన్నం మింగేది కాదు. ముద్దను బుగ్గన పెట్టుకొని, ఆ బుగ్గ ఉబ్బించి, నన్ను చూస్తూ కూర్చునేది. నేను వేలితో ఆ బుగ్గ మీద తట్టి, "మింగవే పోరీ, మింగు" అనేదాన్ని. అది మింగేది కాదు, కళ్లతో నవ్వేది.

పక్కన నిలబడిన ఆమె చాలు అనలేదు, లైటు ఆర్పలేదు. నేను ఒంటికన్నుతో ఆ బుగ్గనే చూస్తూ ఉండిపోయాను.